పాతబస్తీ ముచ్చట్లు – 17: బండి మా నాయినది, పేరు ఇంకొకరిది



పోయిన వారం హాస్టల్ మెస్ బకాయిల మీద రాస్త అని మాటిచ్చిన. అది ఇంకో వారం ఆగుతది. నడుమల ఒక పని మీద పదిహేను రోజులు తిరిగిన. అది మర్చిపోకముందే రాయాలె.

మా బస్తీల ఒక పిల్లగాడు ఉన్నడు. డిగ్రీ మూడో సంవత్సరం. పేరు రాయను, వాళ్ళమ్మకు ఇష్టం లేదు. ఒక రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, జేబులకెల్లి నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల బాండ్ పేపర్ తీసిండు. "అన్నా, ఒక్కసారి చూడవా. రేపు అడ్వాన్స్ ఇస్తున్న." సెకండ్ హ్యాండ్ ఆటో. లక్షా అరవై వేలు. పొద్దున కాలేజి, సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా చార్మినార్, అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖాన లైన్ల నడుపుకుంటడట. వాళ్ళమ్మ చీటీ ఎత్తి లక్ష ఇచ్చింది.

కాగితం చదివిన. "సదరు ఆటోను పూర్తి సొమ్ము పుచ్చుకొని మీకు స్వాధీనం చేసితిని. నేటి నుండి వచ్చే కేసులకు, చలాన్లకు నాకు ఏ సంబంధము లేదు." కింద అమ్మేటోని సంతకం. ఆర్సీ ఫోటో ఫోన్ల చూపిచ్చిండు. ఆర్సీ మీద పేరు వేరే. సంతకం పెట్టినోడు వేరే.

నాకు చేతులు చల్లబడ్డయి. ఇసొంటి కాగితమే మా ఇంట్ల ఇనుప పెట్టెల పదిహేనేండ్లు ఉండె.

మా నాయిన మొదట సైకిల్ రిక్షా తొక్కిండు, కిరాయికి. తర్వాత ఆటో నడిపిండు, అదీ కిరాయికే. 2001ల ఒక ఫైనాన్సర్ దగ్గర పాత ఆటో తీసుకున్నడు. రోజుకింత అని మూడున్నరేండ్లు కట్టిండు. ఫైనాన్సర్ ఒక చిన్న నోట్‌బుక్కుల రోజూ టిక్కు పెట్టేటోడు. గంతే, రసీదు లేదు. ఆఖరి కిస్తు కట్టిననాడు అమ్మ బోనాల పండుగలెక్క వంట చేసింది. నాయిన ఆటో ముందట కొబ్బరికాయ కొట్టి, వెనక అద్దం మీద మా అక్క పేరు రాయించిండు. "మన బండి" అన్నడు. నేను ఎనిమిదో తరగతి. బళ్ళె అందరికీ చెప్పిన.

ఆర్సీ మాత్రం ఒక ముసలాయన పేరు మీద ఉండె. జహనుమా దిక్కు ఉండే చాచా. ఆయన కిస్తులు కట్టలేక బండి ఇచ్చేసిండు. ఇచ్చేటప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చుకున్నరు. ఫారం 29, ఫారం 30. ఆ సంతకాలు, అసలు ఆర్సీ, రెండూ ఫైనాన్సర్ బీరువల. నాయిన అడిగినప్పుడల్లా "కరాదేంగే భాయ్, క్యా జల్దీ హై" అనేటోడు. ట్రాన్స్‌ఫర్‌కు వేరే పైసలు కావాలె అనేటోడు. నాయిన మళ్ళ అడగలేదు. ఎందుకు అడగలేదని నాకు చాన ఏండ్లు కోపం ఉండె. చదువు రాని మనిషి, మంచిగున్న కుర్చీల కూసున్నోన్ని రెండోసారి అడగడానికి ఎంత బలం కావాలెనో ఇప్పుడిప్పుడు అర్థమైతున్నది.

2008ల యాక్సిడెంట్ అయింది. ఒక బైక్ ఆయనకు కాలు విరిగింది. తప్పు ఎవరిదన్నది వదిలేద్దాం. ఇన్సూరెన్స్ చూస్తే అయిపోయి ఐదు నెలలు. ఇన్సూరెన్స్ కడుత అని ఫైనాన్సర్ పైసలు తీసుకున్నడు, కట్టలేదు. నోటీసు రెండు పోయినయి. డ్రైవర్ అని మా నాయినకు, ఓనర్ అని చాచాకు.

చాచా ఒకనాడు రాత్రి ఇద్దరు కొడుకుల్ని తీసుకొని మా ఇంటికొచ్చిండు. కొడుకులు లొల్లి చేసిన్రు. గల్లీ మొత్తం చూసింది. నాయిన ఒక్క మాట అనలేదు. కొంతసేపటికి కొడుకులు అలిసిపోయిన్రు. చాచా మా అరుగు మీద కూసుండి, నోటీసు నాయిన చేతిల పెట్టి, "యే బండీ ఏడ్చుకుంట ఇచ్చేసిన భాయ్, ఇప్పుడు ఏడ్చుకుంట పైసలు కట్టాల్నా?" అన్నడు. ఇద్దరికీ చదవరాదు. ఆ నోటీసు చదివింది నేను. అప్పటికి ఇంటర్ చదువుతున్న. ఒక్కో లైను చదువుతుంటే ఇద్దరు ముసలోళ్ళు నా మొఖం దిక్కు చూసుడు నాకింకా యాదికుంది. ఆఖరికి రాజీ అయింది. అమ్మ పుస్తెలతాడు పోయింది. చాచా కూడా కొంత పెట్టిండు, తన తప్పు ఇసుమంత లేకున్నా. ఫైనాన్సర్ రూపాయి పెట్టలేదు. ఏ కాగితం మీదా ఆయన సంతకమే లేదు.

చట్టం ఏమంటది? మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(30). ఎవని పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే వాడే ఓనర్. ఫైనాన్స్ అగ్రిమెంట్ కింద బండి ఒకని చేతిల ఉంటే, బండి చేతిల ఉన్నోడే ఓనర్ అని కూడ అదే సెక్షన్ల ఉన్నది. మరి మా నాయినకు అగ్రిమెంట్ ఏది? టిక్కుల నోట్‌బుక్ అగ్రిమెంట్ అయితదా? 2018 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసుల ఇదే చెప్పింది. ఆ బండి ఒకని నుంచి ఇంకొకనికి, వాని నుంచి ఇంకొకనికి చేతులు మారింది, రికార్డుల మాత్రం మొదటోని పేరే ఉంది. నష్టపరిహారం ఆ మొదటోనిదే బాధ్యత అన్నది కోర్టు. దెబ్బ తిన్నోడు ఓనర్ల వెంట ఒకని తర్వాత ఒకని దగ్గరికి తిరగొద్దు కద అన్నది దాని తర్కం. దెబ్బ తిన్నోని దిక్కు నిలబడి చూస్తే అది న్యాయమే. చాచా దిక్కు నిలబడి చూడున్రి.

చాచా ట్రాన్స్‌ఫర్‌కు ఎన్నిసార్లయినా సంతకం పెడుత అన్నడు. ఆర్సీ మీద ఫైనాన్స్ ఇంకా ఎక్కే ఉన్నది. అది తీసెయ్యాలంటే ఫైనాన్సర్ ఫారం 35 మీద సంతకం చెయ్యాలె. దానికి ఆయన అడిగిన పైసలు మా దగ్గర లెవ్వు. 2016ల నాయిన పోయిండు. ఓనర్ చచ్చిపోతే వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటది. మా నాయిన చచ్చిపోయిండు గని, ఓనర్ చచ్చిపోలేదు కద! ఆ ఫారం మాకు పనికి రాలే.

ఇప్పుడు అసలు ముచ్చట. నాయిన పోయిన మూడు నెలలకు ఫైనాన్సర్ మనుషులు వచ్చి బండి తుక్కుకు తీసుకుపోయిన్రు. అమ్మ చేతిల ఎనిమిది వేలు పెట్టిన్రు. పాత డొక్కు ఎందుకు వాళ్ళకని అనుకున్నం. హైదరాబాద్‌ల ఏండ్ల తరబడి కొత్త ఆటో పర్మిట్లు ఆపేసిన్రు. పాత ఆటో తుక్కు చేస్తే దాని పర్మిట్ మీద కొత్తది దించుకోవచ్చు. డొక్కు విలువ ఇనుముకే, పర్మిట్‌ది లక్షలల్ల. సెక్షన్ 82 ప్రకారం రవాణా అధికారి అనుమతి లేకుండ పర్మిట్ చేతులు మారొద్దు. కాని చాచా సంతకాలు బీరువల ఉండనే ఉన్నయి కద. పదిహేనేండ్లు మా నాయిన ఒక పర్మిట్‌ను బతికిచ్చిండు, తనకు ఎరుక లేకుండ. 2025ల ఓఆర్ఆర్ లోపల 65 వేల కొత్త ఆటోలకు సర్కారు దారి తెరిచింది. మంచిదే. బీరువలల్ల పడున్న పర్మిట్ల ధర తగ్గుతదేమో చూడాలె.

దీనికి ఉల్టా కథ కూడ మనకు తెలుసు. 2021ల దళితబంధు వచ్చినప్పుడు పది లక్షలకు కార్లు, ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు చానమంది తీసుకున్నరు. మా సుట్టం ఒకాయన పేరు మీద ట్రాలీ ఉన్నది, నడిపిచ్చేది ఊర్ల వేరే కులపాయన, మా సుట్టానికి నెలకు ఇంతని ఇస్తడు. ఆడ పేరు మనది, బండి వాళ్ళది. ఈడ బండి మనది, పేరు వాళ్ళది. అసైన్డ్ భూముల ముచ్చట తెలిసినోళ్ళకు ఇది కొత్త కాదు. 1977 చట్టం అమ్మొద్దు, కొనొద్దు అన్నది. తెల్లకాగితం మీద ఎన్ని ఎకరాలు పోయినయి? మన భాగ్యరెడ్డి వర్మ ఈ పట్నంల కొట్లాడిన కొట్లాటలల్ల ఒకటి పేరు కోసమే. 1931 జనాభా లెక్కలల్ల నిజాం సర్కారు మనల్ని ఆది హిందువులని రాసుకున్నదంటే దాని వెనక ఆయన కష్టం ఉన్నది. ఆ కాగితానికి ఈ కాగితానికి ఏం సంబంధం అంటరా? నాకైతే ఉన్నది.

సరే, పిల్లగాని ఆటో.

తెల్లారి ఇద్దరం అమ్మేటాయన అడ్డాకు పోయినం. పుత్లీబౌలి దిక్కు కొని అమ్మే మనిషి. చాయ్ తెప్పిచ్చిండు. బాండ్ పేపర్ వద్దు, ఆర్సీ ఓనర్ రావాలె, పేరు మారినంకనే పూర్తి సొమ్ము అని చెప్పిన. ఆయన లెక్క మార్చిండు. "అట్లయితే పక్కా పేపర్ కదా సార్, జీఎస్టీ పడతది. పద్దెనిమిది శాతం. ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు."

పిల్లగాడు నా దిక్కు చూసిండు. ఈడ కొంచెం ఆగి చెప్త, మీకూ పనికొస్తది. పాత బండ్ల మీద జీఎస్టీ 18 శాతం అన్న మాట నిజమే. 2024 డిసెంబర్ల జైసల్మేర్ల కూసున్న జీఎస్టీ కౌన్సిల్ చిన్న పెద్ద, ఎలక్ట్రిక్ అన్నిటికీ అదే రేటు చేసింది. కాని అది బండి ధర మీద కాదు, మార్జిన్ మీద. ఆయన లక్షా నలభైకి కొని లక్షా అరవైకి అమ్మితే పడేది ఇరవై వేల మీద, అంటే మూడు వేల ఆరు వందలు. అదీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికే. మామూలు మనిషి తన బండి ఇంకో మనిషికి అమ్ముకుంటే జీఎస్టీయే లేదు.

"మీ జీఎస్టీ నంబర్ చెప్పండి సార్, బిల్లు మీద రాసియ్యండి, కడతం" అన్న. ఆయన చాయ్ కప్పు కింద పెట్టిండు. ఇంకో చాయ్ తెప్పిచ్చిండు. ఆ ఇరవై ఎనిమిది వేల మాట మళ్ళ రాలే.

కెనడాల వాంకూవర్ దిక్కు ఉండే మా ఉస్మానియా దోస్తు ఒకడు గుర్తుకొచ్చిండు. చేపలు పట్టేదానికి ఎవరి దగ్గర్నో పాత పడవ కొన్నడు. ఆ రాష్ట్రంల షాపుల కాకుండ మనిషి నుంచి మనిషి పడవ కొన్నా 12 శాతం ట్యాక్స్ తనే పోయి కట్టాలె. పది హార్స్ పవర్ గాని అంతకంటే ఎక్కువ గాని మోటార్ ఉంటే లైసెన్స్ నంబర్ పడవకు రెండు పక్కల ఏడున్నర సెంటీమీటర్ల అక్షరాలతోటి రాయాలె. "కొత్తగున్నప్పుడు ఒకడు కట్టిండు, మళ్ళ నేను కట్టాల్నా, ఏం దోపిడి అన్నా ఇది" అని ఫోన్ల తిట్టిండు. నాకు నవ్వొచ్చింది. అరే, లైసెన్స్ నీ పేరు మీద ఉంది కద, ఊకో అన్న.

ఆర్సీ ఓనర్‌ను పట్టుకునుడే అన్నిటికంటే కష్టమైంది. ఆరు రోజులు. ఫలక్‌నుమా కాడ ఇల్లు ఖాళీ చేసి పోయిండు. దొరికినంక చూస్తే ఆయనకు కూడా చలాన్ల మెసేజ్‌లు వచ్చి వచ్చి పానం విసిగి ఉన్నది. "ఎక్కడికంటే అక్కడికి వస్త అన్నా, నా పేరు తీసెయ్యున్రి" అన్నడు. మా చాచాను చూసినట్టే అనిపిచ్చింది.

తర్వాత పని చెప్పేటంత కష్టం కాదు. చలాన్లు కట్టినం. ఫైనాన్స్ క్లియరెన్స్ ఫారం 35, అమ్మేటోని ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫిట్‌నెస్, పర్మిట్ బదిలీ దరఖాస్తు. అమ్మినోడు 14 రోజుల లోపల, కొన్నోడు 30 రోజుల లోపల చెప్పాలె అని సెక్షన్ 50ల ఉన్నది. ఆన్‌లైన్ల స్లాట్ తీసినం. ఆఫీసు గేటు కాడ ఒక ఏజెంట్ "ఆరు వేలు ఇయ్యి, లోపలికి కూడా పోనక్కర లేదు" అన్నడు. పిల్లగాడు ఒక నిమిషం ఆశపడ్డడు, ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష ఉండె వానికి. పోయి రాసి రా, నేను లైన్ల నిలబడుత అన్న. రెండు గంటలు నిలబడ్డ. లోపలున్న అమ్మాయి కాగితాలు తిరగేసి, మాట్లాడకుండ సంతకం చేసి, "ఏజెంట్ లేడా?" అని అడిగింది. లేడు అంటే నవ్వింది.

ఒక మాట. మహిళలకు ఉచిత బస్సు వచ్చినంక ఆటో నడుస్తలేదు, ఇప్పుడు కొనుడేంది అని కొందరు కామెంట్ పెడ్తరు, నాకు ఎరుకే. 2023 డిసెంబర్ నుంచి గిరాకీ తగ్గిన మాట నిజం. కాని మండి నుంచి కూరగాయల గంప ఎత్తుకొని బస్సెక్కే మా అమ్మలు కూడా నిజం. దీని మీద వేరేగా రాస్త, ఈడ లొల్లి పెట్టొద్దు.

మొన్న శుక్రవారం స్పీడ్ పోస్టుల కార్డు వచ్చింది. నాయిన బండికి ఏపీ ఉండె. నడుమల టీఎస్ అయింది, 2024ల టీజీ అయింది. మూడు అక్షరాలు మారినా మా నాయిన పేరు ఏ ఆర్సీ మీదికీ ఎక్కలే. పిల్లగాడు కార్డు తెచ్చి మా అమ్మ చేతిల పెట్టిండు. అమ్మకు చదవరాదు. వేలుతోటి తడిమి, "ఏడున్నది పేరు?" అని అడిగింది. వాడు చూపిచ్చిండు.

నేను చదివిన. ఇంటిపేరుల ఒక ఇంగ్లీష్ అక్షరం తప్పు పడ్డది. ఆధార్‌ల ఉన్న తప్పే ఈడ దిగింది. "పర్వాలేదు తీయన్నా, ఎవడు చూస్తడు" అన్నడు వాడు. మా అమ్మ కార్డు వానికి ఇయ్యలే. సోమవారం మీసేవకు పోతున్నం, ముందు ఆధార్, తర్వాత ఆర్సీ. మెస్ బకాయిల ముచ్చట వచ్చే వారం.