ఉప్పు అనే తిమింగలం

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దిగితే ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ అక్కడ బేరమాడి తిమింగలం వేట కథ 'మోబీ డిక్' పిల్లల పుస్తకం కొనిచ్చింది. నాంపల్లిలో మా ఇల్లు చేరేలోపే సగం చదివేశాను. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్లంటే హుస్సేన్‌సాగరే.

ఇప్పుడు ఉండేది మసాచుసెట్స్‌లో. పోయిన వేసవిలో అమ్మ వస్తే బోస్టన్ రేవులో తిమింగలాలను చూపించే పడవెక్కించాను. తీరం దాటగానే చలి. అమ్మ చీర మీద స్వెటర్, దాని మీద నా జాకెట్ వేసుకుని, యాలకులు నములుతూ కమ్మీ పట్టుకుని నిలబడింది. స్టెల్‌వాగన్ బ్యాంక్ దగ్గర సముద్రం అడుగు మెట్టలా లేచి ఉంటుంది. ప్రవాహాలు దాన్ని ఢీకొని లోతుల్లోని పోషకాలను పైకి తెస్తాయి. వాటి వెంట చిన్న చేపలు, చేపల కోసం తిమింగలాలు వస్తాయి.

ముందు ఊపిరి వినిపించింది. "నాంపల్లి స్టేషన్ల బొగ్గింజను లెక్కనే ఉందిరా!" అంది అమ్మ. ఆ వెంటనే కుళ్లిన చేపల వాసన. నల్లటి వీపు వంగింది, నీళ్లు కారుతూ తోక లేచింది, మునిగింది. మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలే హంప్‌బ్యాక్ తిమింగలానికి వేలిముద్రలని పడవలోని గైడు చెప్పింది. వీపు రెక్క మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉన్న ఒకదానికి 1970లలో 'సాల్ట్' అని పేరు పెట్టారట. అది 1980లో పిల్లను వెంటబెట్టుకొచ్చింది. ఈ తిమింగలాలు చలికాలం కరీబియన్ దీవుల దగ్గర ఈని, వసంతంలో తిరిగి ఇక్కడికే వస్తాయి. మేత ఎక్కడ దొరుకుతుందో పిల్లకు తల్లే చూపిస్తుంది.

మెల్‌విల్ 1851లో రాసిన 'మోబీ డిక్'లో ఓడ బయల్దేరింది ఈ రాష్ట్రంలోని నాంటకెట్ నుంచే. దీపాల నూనె కోసం ఇక్కడివాళ్లు ప్రపంచమంతా తిరిగి తిమింగలాలను చంపారు. వ్యాపార వేటకు అంతర్జాతీయ నిషేధం 1986లో గానీ అమలు కాలేదు. అలాంటి తీరంలో ఇవాళ వాటిని పేరుతో పిలుస్తున్నారు. ఆ మార్పును కళ్లారా చూడటమే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది.

"ఆ ఉప్పుకు ఎందరు పిల్లలురా?" అని అమ్మ అడిగింది. డజనుకు పైనే అని చెబితే తృప్తిగా తలూపింది.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు అమెరికాలో ఉండే మనమంతా నయాగరాకు తీసుకెళ్తాం. ఈసారి ఏప్రిల్, అక్టోబర్ మధ్య వస్తే ఒకరోజు ఈ పడవ కూడా ఎక్కించండి. స్వెటర్ మాత్రం మరవకండి.