మైకు మాదే, మాట మాది కాదు

అంగళ్లు మదనపల్లె పక్కన, కురబలకోట మండలంలోని ఊరు. ఈ చుట్టుపక్కల చాలా ముస్లిం ఇళ్లల్లో బిడ్డకు మొదట వచ్చే మాట దక్కనీ. తెలుగు తర్వాత వీధిలో వస్తుంది. దూదేకుల ఇళ్లలో తెలుగే అమ్మభాష. వాళ్లకు ఈ బాధ లేదు, అందర్నీ కలిపి 'తురకోళ్లు' అని ఒకే గాటన కట్టేసే బాధ ఉంది. అది వేరే కథ.

ఇంటికీ వీధికీ నడుమ ఉన్నది అంగన్‌వాడీ. ఆంగన్ అంటే మాకు ముంగిలి. మీ అంగణమూ అదే. ఇద్దరికీ చెందిన మాటను బోర్డు మీద రాసుకుని, లోపల ఒక్క భాషకే చాప పరిచారు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. ఆరేళ్లలోపు బిడ్డలకు తిండి, టీకాలు, బరువు చూడటం, బడికి ముందు ఆటాపాటా. గర్భిణికీ బాలింతకూ తిండి. మంచి పనే, కాదనం. పొద్దున్నే టమోటా మార్కెట్‌కు కూలికి పోయే ఆడమనిషికి, బిడ్డ కొన్ని గంటలు నీడపట్టున ఉండటం చిన్న విషయమా? టీచరమ్మల మీదా మాకు కోపం లేదు. వాళ్లకిచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ఎస్మా పెట్టినా లేవలేదు. మేం వాళ్ల పక్షమే.

కానీ ఒక సెంటర్లో, ఊరి పేరెందుకు, మా బంధువుల మూడేళ్ల పిల్లాడు "పేశాబ్ ఆరా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. లాగు తడిసింది, పిల్లలు నవ్వారు. మర్నాడు వాడు గడప దిగలేదు. వాళ్లమ్మీ నాలుగు రోజులు బతిమాలి, కొట్టి, చివరికి తానే కూలి మానుకుంది. "ఈళ్లు పిల్లోళ్లని పంపరు" అని వీధిలో అనేశారు. పొద్దున తెలుగులో, సాయంత్రం ఉర్దూలో వార్తలు రాసుకునే మాకు ఈ వార్త ఏ భాషలో రాయాలో తోచలేదు.

మేం గుర్తుకొచ్చే రోజు ఒకటుంది. పోలియో చుక్కల రోజు. ఆ రోజు మసీదు మైకు కావాలి. ఇస్తాం, ఇవ్వాలి కూడా. 2002లో దేశంలో 1600 పోలియో కేసులొస్తే 1242 ఉత్తరప్రదేశ్‌లోనే. అక్కడ పుకార్ల భయంతో తలుపులు మూసుకున్న ఇళ్లకు వాళ్లలోని ఆడవాళ్లే వెళ్లారు, ఇమాములు చెప్పారు. అలీగఢ్, జామియా మిలియా, జామియా హమ్‌దర్ద్ యూనివర్సిటీలు యూనిసెఫ్‌తో కలిశాయి. 2011 జనవరి 13 తర్వాత దేశంలో ఆ వైరస్‌తో కొత్త కేసు రాలేదు. 2014 మార్చిలో పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చింది. తలుపులు తెరిపించింది మైకు ఒక్కటే కాదు. ఆ ఇంటి మాటలో, తెలిసిన మొగం చెప్పటం.

చుక్కలకు పనికొచ్చిన మాట మిగతా రోజుల్లో ఎందుకు పనికిరాదు? అంగన్‌వాడీకి ఊరి కమిటీ ఉండాలని 2011లో కేంద్రం చెప్పింది. పంచాయతీ మహిళా సభ్యురాలు, ఆశా కార్యకర్త, తల్లిదండ్రులు. అందులో మా అమ్మీలు ఎందరున్నారో ఎవరి ఊళ్లో వాళ్లు వెళ్లి చూసుకోండి. చిన్నపిల్లలకు ఇంటి భాషలోనే చెప్పాలని 2020 విద్యావిధానం అంది. 2022లో రాష్ట్రం ఉర్దూను రెండో అధికార భాష చేసింది. మా మాట ఆఫీసు బోర్డు దాకా ఎక్కింది, మేం చూసిన అంగన్‌వాడీల గడప మాత్రం దాటలేదు.

దారి తెలియక కాదు. మాకు దగ్గర్లోనే రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల చిన్న బడులకు పాఠాలను కార్డులుగా మార్చింది. పల్లె కథలనూ తల్లులనూ బడిలోకి రానిచ్చింది. అది తెలుగులో జరిగింది. దక్కనీలో జరగటానికి కొత్త శాఖ అక్కర్లేదు. పానీ, భూక్, నీంద్, పేశాబ్, డర్, దర్ద్... టీచరమ్మ ఒక పది మాటలు పట్టుకుంటే మొదటి నెల గడుస్తుంది. వారానికొక పూట ఒక నానీ వచ్చి కహానీ చెబితే తెలుగు పిల్లలూ వింటారు, మా పిల్లలకు వాళ్ల తెలుగూ వస్తుంది. కమిటీలో ఒక అమ్మీకి కుర్చీ వేయండి, సంతకం కోసం కాదు, మాట్లాడటానికి.

నానీలు ఇళ్లలోనే ఉన్నారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వాళ్లకు తీరికే. మైకు కోసం వచ్చినప్పుడు వాళ్లనూ అడగండి.