అసలు ప్రశ్న

మాది చిల్లకల్లు. కాలేజీ సెలవుల్లో ఊళ్లో మందుల షాపులో కూర్చునేవాణ్ణి. పొలాల నుంచి వచ్చినవాళ్లు మందు పేరు చెప్పేవాళ్లు కాదు. సగం చిరిగిన ఖాళీ స్ట్రిప్పు చేతిలో పెట్టి, "ఇదేనండీ, మొన్న తగ్గింది" అనేవాళ్లు. ఎవరికి, దేనికి, ఇంకేం వాడుతున్నారు అని అడగడం నాకు అక్కడే అలవాటైంది.

తర్వాత ఫార్మసీ పాఠాలు చెప్పేవాణ్ణయ్యాను. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు తెచ్చాక మా పాఠాలు వార్డుల్లోకి వచ్చాయి. నాకు ఔషధ సమాచార కేంద్రం అప్పగించారు. 1962లోనే అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి ఇది. మాకున్నది చిన్న గది, ఫోను, కంప్యూటరు, లావుపాటి పుస్తకాలు.

ఒకరోజు వార్డు నుంచి డాక్టరుగారు ఫోను చేశారు. "గుండె కవాటం మార్చిన పేషెంటు. ఐ.ఎన్.ఆర్. పడిపోయింది. వార్ఫరిన్ ఎంత పెంచమంటారు?" రక్తం గడ్డకట్టకుండా వాడే మందు వార్ఫరిన్; దాని పని చాలుతోందా అని చెప్పే రక్తపరీక్ష ఐ.ఎన్.ఆర్. డోసు పట్టిక ఎదురుగానే ఉంది. అయినా, ఎందుకు పడిపోయిందో తెలుసుకు రమ్మని మా విద్యార్థినిని పంపాను. పేషెంటుది జగ్గయ్యపేట పక్క పల్లె. మాత్ర ఒక్కపూట కూడా మానలేదట. "మరి తిండిలో ఏమైనా మారిందా పెద్దమ్మా?" అని అడిగితే, "ఒంట్లో రక్తం లేదన్నారు తల్లీ, రోజూ తోటకూరే తింటన్నా" అంది. తోటకూరలోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. డోసు పెంచి పంపేస్తే, ఆవిడ కూర మానేసిన వారంలో రక్తస్రావం కావచ్చు. కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా అప్పటికి కావలసింది డాక్టరుగారు చూసుకున్నారు. మేం ఇచ్చిన సలహా ఒకటే: ఆకుకూర మాననక్కర్లేదు, ఏ వారమైనా ఒకే లెక్కన తినాలి.

మాది పత్తి, మిరప పండే మెట్ట. క్యాజువాలిటీ నుంచి వచ్చే ఫోనంటే చాలాసార్లు పురుగుమందే. "ఏం తాగాడు?" అంటే "పొలంలో మందండీ" అంటారు. డబ్బా తెప్పించమనేవాణ్ణి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ ప్రాణం నిలబెడుతుంది. అదే పారాక్వాట్ గడ్డిమందైతే విరుగుడే లేదు. అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. లేబుల్ మీద రసాయనం పేరు ఫోనులో అక్షరం అక్షరం చదివించుకున్నాకే సమాధానం చెప్పేవాణ్ణి.

2010లో దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలయ్యాక, మందు వికటించిన ప్రతి కేసూ రాసి పంపడం విద్యార్థులకు నేర్పాను. ఇప్పుడు 1800-180-3024కు ఫోను చేసి రోగి కూడా చెప్పుకోవచ్చు.

పుస్తకంలో ఉన్న జవాబు ఫోనులోనూ దొరుకుతుంది. రోగి మంచం దాకా వెళ్లి అడిగే మనిషి మాత్రం కావాలి. పెద్దాసుపత్రులకే కాదు, నందిగామ, జగ్గయ్యపేటల్లోని ఆసుపత్రులకూ అలాంటి ఫార్మసిస్టు కావాలి. ఇన్నేళ్లూ నేను పాఠం చెప్పింది అందుకే.