కర్నూలు నుంచి బంజారాహిల్స్ దాకా

ఫజ్ర్ నమాజు ముగించుకొని కర్నూలు బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కినప్పుడు మా వెంట ఉన్నది పదిహేడేళ్ళ విద్యార్థి. మా మద్రసాలో హిఫ్జ్ చేస్తున్నాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. చిన్నపిల్లలను వదిలి రాలేని తల్లి "హజ్రత్, మీరే తండ్రి అనుకొని తీసుకెళ్ళండి" అని ఫోనులో కోరింది. అతని రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయనీ, కుడికన్ను మరీ చెడిందనీ మా ఊరి కంటి వైద్యులు చెప్పారు. ఈ వయసులో ఎందుకు వచ్చిందో పెద్ద ఆసుపత్రిలో తేల్చుకొమ్మన్నారు. మన ఇళ్ళలో మోతియాబిందు అంటే దాదాల, నానీల జబ్బు. మీసం సరిగా మొలవని కుర్రవానికి వస్తుందని మేమెన్నడూ వినలేదు.

తుంగభద్ర వంతెన దాటేసరికి కుడివైపు కిటికీలోంచి సూర్యుడు తొంగిచూశాడు. అబ్బాయి వెంటనే ముఖానికి రుమాలు కప్పుకున్నాడు. అది చూసి మా మనసు చివుక్కుమంది. ఏడాదిగా అతడు కొత్త పాఠంలో వెనుకబడుతూ వచ్చాడు. పాత పారాలు ధారగా వినిపించేవాడు. 13వ పారా దగ్గర మాత్రం ఆగిపోయాడు. ముస్‌హఫ్ పట్టుకొని చీకటి మూలకు పోయి కూర్చుంటుంటే బద్ధకమనుకున్నాము. గట్టిగా మందలించి, వెలుతురు బాగుంటుందని తూర్పు కిటికీ పక్కన కూర్చోబెట్టాము. అది అతనికి మేలు కాదు, శిక్ష అని అప్పుడు తెలియలేదు.

అలంపూర్ చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మ, జడ్చర్లలో చాయ్, షాద్‌నగర్. ఈ దారి మాకు కొత్త కాదు. ఆరాంఘర్‌లో దిగి, సిటీబస్సులో మెహిదీపట్నం చేరి, సరోజినీదేవి కంటి ఆసుపత్రి మీదుగా ఆటోలో బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డుకు చేరుకున్నాము. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అక్కడే ఉంది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు దీనిని స్థాపించారు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలమూ విరాళమూ ఇచ్చింది గనుక ఆ పేరు నిలిచింది. కట్టగలిగినవారి వద్ద రుసుము తీసుకొని, కట్టలేనివారికి ఉచితంగా వైద్యం చేయడం ఇక్కడి పద్ధతి. ఉర్దూ, తెలుగు, ఒడియా, బెంగాలీ అన్నీ ఆ హాలులో వినిపించాయి. వేచి ఉన్నవారిలో మా అబ్బాయి అందరి మనుమడిలా ఉన్నాడు. ఒక వృద్ధురాలు మమ్మల్ని చూపి, "ఆపరేషను మీ తాతకా, నాయనా?" అని అతణ్ణి అడిగింది.

పరీక్ష చేసిన వైద్యురాలు వయసులో మా కూతురంతటిది. "కళ్ళలో చుక్కల మందు ఏమైనా వాడారా?" అని అడిగింది. అబ్బాయి మా వైపు చూశాడు. మేము జేబులోంచి సీసా తీసి ఇచ్చాము. ప్రతి ఎండాకాలం అతని కళ్ళు ఎర్రబడి విపరీతంగా దురద పెట్టేవి. మూడేళ్ళ క్రితం ఒక వైద్యుడు రెండు వారాలకని ఈ చుక్కలు రాశాడు. దురద మంత్రించినట్టు మాయమైంది. ఆపైన దురద వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో ఖాళీ సీసా చూపి, ఇలాంటిదే ఇవ్వమని కొనుక్కొచ్చింది మేమే.

అది స్టెరాయిడ్ మందు. ఎక్కువ కాలం వాడితే కంటి కటకం వెనుకభాగాన, సరిగ్గా నడుమ, మసక పేరుకోవచ్చని ఆమె వివరించింది. ఎండలో కంటిపాప కుంచించుకుపోతుంది; నడుమనే మసక ఉంటే చూపుకు దారి దొరకదు. నీడలో కంటిపాప విచ్చుకొని పక్కల నుంచి వెలుగు పోతుంది గనుక కొంత కనిపిస్తుంది. మూలకు పోయి కూర్చున్నది అందుకే. ఆ మందుకు కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే ప్రమాదమూ ఉందట. అలా పోయిన చూపు తిరిగి రాదట. ఒత్తిడి కొలిచి, సరిగానే ఉందని చెప్పేవరకు మా నాలుక తడి ఆరిపోయింది. అల్‌హమ్దులిల్లాహ్. ఆమె మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే తేలికపడేవాళ్ళం.

మరునాడు కుడికంటికి శస్త్రచికిత్స. అతణ్ణి లోపలికి తీసుకెళ్ళాక, బయట కూర్చున్న మాకు విద్యార్థి దశలో చదివిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. వెయ్యేళ్ళ క్రితం మోసుల్‌కు చెందిన అమ్మార్ ఇబ్ను అలీ ఈజిప్టులో స్థిరపడి, బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతిని తన గ్రంథంలో రాశాడు. ముదిరి గట్టిపడిన శుక్లాలకు అది పనికివచ్చేది కాదు, మెత్తనివాటికే. వైద్యురాలు చెప్పిందీ అదే: కుర్రవాళ్ళ కటకం మెత్తగా ఉంటుంది, చిన్న కోతలోంచి పీల్చి తీసేసి ఆ స్థానంలో కృత్రిమ కటకం పెడతాము, అని.

కంట్లో నీళ్ళు పడకూడదు, తల వంచకూడదు అన్నారు. ఆ కన్ను తడవకుండా వుజూ చేయించి, కూర్చొని సైగలతో నమాజు చేయమన్నాము. సజ్దా లేని నమాజు అతనికి అదే మొదటిసారి. "హజ్రత్, ఇది ఒప్పుకోబడుతుందా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాము, రెండుసార్లూ.

కట్టు విప్పిన పూట రోడ్డుకు అవతల పోతున్న బస్సు బోర్డును గడగడా చదివాడు. ఆ సంతోషంలోనే ముస్‌హఫ్ తెరిచాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. ముఖం పాలిపోయింది. కొత్త కటకం దూరపు చూపుకు కుదిర్చినది. మన సహజ కటకంలా దగ్గరకూ దూరానికీ సర్దుకోలేదట. చదవడానికి ఇకపై అద్దాలు కావాలి. పదిహేడేళ్ళకే, యాభై దాటిన మాకు కావలసినట్టు.

ఎడమకంటికి నెల తర్వాత రమ్మన్నారు. తిరుగు ప్రయాణంలో జడ్చర్ల దాటాక అతడు కాస్త సంకోచిస్తూ మా కళ్ళజోడు అడిగాడు. ఎడమకంటిని చేత్తో మూసుకొని, ముస్‌హఫ్‌ను కాస్త దూరంగా పట్టి, 13వ పారా తీశాడు. యూసుఫ్ సూరాలో, దుఃఖంతో యాఖూబ్ అలైహిస్సలామ్ కళ్ళు తెల్లబడిన చోట అతని పాఠం ఏడాదిగా ఆగి ఉంది. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. కళ్ళజోడు లేని మేము పేజీలో చూసి సరిదిద్దలేక, కంఠస్థంగా ఉన్నదానితో పోల్చుకుంటూ విన్నాము. ఎండ ఇప్పుడు మా పక్క కిటికీలోంచి పడుతోంది. తెర వేయబోతే, "ఉండనివ్వండి హజ్రత్" అన్నాడు.