తాబేలు కబురు

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి కొండచిలువ పిల్లల మోజు. అమ్మకానికి వస్తే ఈ-మెయిల్‌లో కబురు అందేట్టు పెట్టుకున్నాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధమైన బేరమే.

ఈ సంగతి విని మా బావమరిది సాస్తికి వచ్చి కూర్చున్నాడు. "బావా, గృహప్రవేశానికి నక్షత్ర తాబేలు కావాలి. కలిసొస్తుందట. నాకూ అలా పెట్టు" అని పట్టు. మా శ్రీమతి తమ్ముడి పక్షమే!

పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. గూగుల్ అలర్ట్స్‌లో మాట రాసి, రోజుకోసారో వారానికోసారో చెప్పి, మన చిరునామా ఇస్తే సరి. రెండు మాటలూ కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల్లో ఉంచాలి. ఉత్త 'తాబేలు' అంటే ఉంగరాలూ, ఇత్తడి బొమ్మలూ వచ్చిపడతాయి. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆగుతాయి.

కానీ నక్షత్ర తాబేలు మన రాయలసీమ మెట్టల్లో తిరిగే జీవి. కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించి దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు. శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. దేశాల మధ్య వ్యాపారం కోసం అడవి నుంచి పట్టి అమ్మడాన్ని 2019లోనే నిషేధించారు. కప్పకాళ్ళ ఎగుమతిని మన ప్రభుత్వం 1987లోనే ఆపింది.

రెండు తలల పాముదీ ఇదే కథ. లక్షలు తెచ్చే పామైతే అమ్మేవాడు తనే ఉంచుకోడూ? బ్యాంకులో ఇన్నేళ్ళు చేసినవాణ్ణి, ఈ లెక్క నాకు కుదరలేదు.

అలర్టు మాత్రం పెట్టాను, నా పేరనే. ప్రాణమున్న తాబేలు ప్రకటన కనబడితే అటవీశాఖకు పంపడానికి. బావమరిది మాట్లాడటం మానేశాడు.