దొంగలకి టీ ఇచ్చిన బామ్మగారు

దొంగలంటే భయపడటం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడని మొదలుపెడతారు, పెద్దయ్యాక తలుపు గడియ వేశామా లేదా అని రాత్రి రెండుసార్లు లేచి చూసుకోవడంతో ఆ చదువు పూర్తవుతుంది. ఇక సినిమా దొంగల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజనాల తెరమీద కనుబొమ ఎగరేస్తే చాలు, మా అమ్మ పక్కనున్న ఆవిడ ఎవరో తెలియకపోయినా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకునేదట!

అయితే దొంగల్లో ఇంకో జాతి ఉంది. చూడగానే నవ్వొచ్చే జాతి. 1993లో వచ్చిన 'మనీ' సినిమాలో బ్రహ్మానందం వేసిన ఖాన్‌దాదా గుర్తున్నాడా? పేరుకి దాదా, తీరుకి అమాయకుడు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా లేని దర్జా ఒలకబోస్తే 'ఇదుగో ఖాన్‌దాదా వచ్చాడు' అంటాం. భయపడాల్సిన మనిషిని చూసి నవ్వడంలో ఉన్న హాయి ఇంతా అంతా కాదు. ఇన్నాళ్ళు భయపెట్టినందుకు బాకీ తీరినట్టుంటుంది.

ఆ జాతి దొంగలకి తాతల్లాంటి వాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు. 1955లో వచ్చిన 'ది లేడీకిల్లర్స్' సినిమా సంగతి చెబుతున్నాను. ఆడవాళ్ళని ఇట్టే వలలో వేసుకునే సోగ్గాళ్ళని ఇంగ్లీషులో అలా అంటారు. ఈ సినిమాలో మాత్రం ఆ మాటకి అచ్చంగా ఉన్న అర్థమే. అయిదుగురు దొంగలు కలిసి ఒక ముసలావిణ్ణి చంపాలి. అంతే కథ. వినడానికి ఘోరంగా ఉంది కదూ? చూస్తే మాత్రం పొట్ట చెక్కలవుతుంది.

లండన్‌లో కింగ్స్ క్రాస్ రైల్వేస్టేషను దగ్గర, రైలు సొరంగం మీద, ఒక పాత ఇల్లు. యుద్ధకాలంలో పడ్డ బాంబుల ధర్మమా అని కాస్త ఒరిగిపోయింది. గోడకి పటం తిన్నగా వేలాడదు. వంటింట్లో కుళాయి నీళ్ళు రావాలంటే గొట్టాన్ని కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వెయ్యాలి. ఆ ఇంట్లో విల్బర్‌ఫోర్స్ బామ్మగారు, ఆవిడ చిలకలు. ఆయన ఓడ కెప్టెను. చైనా సముద్రంలో తుఫాను వస్తే చిలకల్ని పడవలోకి ఎక్కించి, తను మాత్రం ఓడతోపాటే మునిగిపోయాడు. ఎవరు కదిపినా బామ్మగారు ఆ కథ చెబుతుంది. కదపకపోయినా చెబుతుంది.

ఆవిడ మేడమీద గదులు అద్దెకివ్వాలనుకుంటే ప్రొఫెసర్ మార్కస్ అనే పెద్దమనిషి దిగాడు. పళ్ళు ఇంతేసి, మెళ్ళో పొడుగాటి ఊలు మఫ్లరు, మొహాన వెన్నలాంటి నవ్వు. ఆ వేషం ఆలెక్ గిన్నెస్‌ది. ఆయనకి నలుగురు స్నేహితులు. మాటకి ముందు తడబడే ఒక మేజరు, ముసలివాళ్ళంటేనే గిట్టని ఒక కర్కోటకుడు, సోకులరాయుడు కుర్రాడొకడు, ఏనుగంత ఒళ్ళూ ఎలకంత తెలివీ ఉన్న ఒక మాజీ బాక్సరు. ఆ కుర్రాడు ఎవరనుకున్నారు? తర్వాత రోజుల్లో లోకమంతటినీ నవ్వించిన పీటర్ సెల్లర్స్. మేమంతా సంగీత విద్వాంసులం, సాధన చేసుకోవడానికి గది కావాలి అన్నారు. లోపల గ్రామఫోను మీద బొకెరినీ వాద్యసంగీతం తిరుగుతుంటుంది, వీళ్ళు దాని చాటున దోపిడీ పథకం వేస్తుంటారు.

ఇక్కణ్ణించీ అసలు తమాషా. తలుపు టకటక. 'టీ తెమ్మంటారా బాబూ?' కంగారుగా గ్రామఫోను ఆపడం, సెల్లో తిరగేసి పట్టుకోవడం, మొహాన నవ్వు పులుముకోవడం. ఆవిడ వెళ్ళగానే మళ్ళీ పథకం. మళ్ళీ టకటక. చిలక్కి మందు పట్టాలి, కాస్త పట్టుకుంటారా? చిలక తప్పించుకుంటుంది, దొంగలు కప్పులెక్కి దాని వెనకాల పరుగు! ఆ సంగీతం వినగానే ఆవిడకి తన ఇరవయ్యొకటో పుట్టినరోజు గుర్తొస్తుంది. ఆ రోజూ ఇలాగే వాద్యకారులు వచ్చారట. విందు మధ్యలో ఎవరో వచ్చి విక్టోరియా మహారాణి పోయిందని చెప్పారట, విందు కాస్తా ఆగిపోయిందట. దొంగలు బుద్ధిగా తలలూపుతూ వినాల్సిందే. మరి విద్వాంసులాయె!

ఈ టకటకలు మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఇళ్ళల్లో పరీక్షలకి చదువుకునే పిల్లల గదినీ, పేకాట వేసుకునే మగవాళ్ళ వరండానీ తలుచుకోండి. 'పకోడీలు వేశాను, వేడివేడిగా తినండి నాయనా' అంటూ ఏ అమ్మమ్మో, ఏ అత్తగారో ప్రత్యక్షమవుతుంది. ఇంటర్ చదివే మా అమ్మాయి ఈ సినిమా చూస్తూ, 'అమ్మా, ఆవిడ అచ్చం మన బామ్మ' అంది. పక్కనే ఉన్న మా అత్తగారు వెంటనే, 'నేను ఆ టీ అంత పల్చగా పెట్టను' అన్నారు.

దొంగల పథకం మాత్రం గట్టిదే. డబ్బు మోసుకెళ్ళే మోటారువాన్‌ని అడ్డగించి అరవైవేల పౌన్లు కొట్టేశారు. అన్ని రోడ్లమీదా పోలీసులున్నారు, డబ్బు బయటికి వెళ్ళేదెలా? పెట్టెలో పెట్టి స్టేషనుకి చేర్చారు. ప్రొఫెసరుగారి సామాను కాస్త తెచ్చిపెట్టమని బామ్మగారిని పంపారు. ఆవిణ్ణి ఎవడనుమానిస్తాడు! ఆవిడ టాక్సీలో పెట్టె వేసుకుని బయల్దేరింది. తిన్నగా వస్తుందా? మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి తిరిగింది. దారిలో ఒక పళ్ళవాడు తన పళ్ళు తింటున్న గుర్రాన్ని అదిలిస్తుంటే దిగి తగువులోకి వెళ్ళింది. దొంగలు దూరం నుంచి చూస్తూ చెమటలు కక్కుతున్నారు. చివరికి ఆ పెట్టెని ఇంటిలోపలికి మోసి పెట్టిందెవరు? పోలీసులు!

అంతా అయిపోయి పెట్టేబేడా సర్దుకుని వెళ్ళిపోతుంటే, బాక్సరుగారి సెల్లో పెట్టె పట్టెడ తలుపులో ఇరుక్కుంది. లాగాడు. పెట్టె తెరుచుకుని నోట్లన్నీ గుమ్మంలో కుప్పగా పడ్డాయి. బామ్మగారు చూడనే చూసింది.

ఆవిడ కెవ్వుమనలేదు. మూర్ఛపోలేదు. తప్పు చేసిన పిల్లల్ని నిలదీసినట్టు నిలదీసింది. పోలీసుల దగ్గరికి వెళ్ళి డబ్బు అప్పజెప్పాలి అంది. వాళ్ళు ఎన్నో చెప్పి చూశారు. బీమా కంపెనీ ఆ నష్టాన్ని జనం మీద వేస్తే ఒక్కో పాలసీకి ఒక్క ఫార్దింగు పడుతుంది, ఎవరికీ నొప్పి తెలియదు అన్నారు. ఫార్దింగంటే మన దమ్మిడీ లాంటిదనుకోండి. అదీ పారకపోతే పెట్టె తెచ్చింది నువ్వే గనక నువ్వూ జైలుకి పోతావన్నారు. ఆవిడ కాస్సేపు కలవరపడింది. ఆఖరికి తేల్చింది మాత్రం ఒకటే. తప్పు తప్పే, పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సిందే. ఈ లోపల ఆవిడ స్నేహితురాళ్ళు, అందరూ ముసలమ్మలే, సంగీత విద్వాంసుల్ని చూద్దామని టీకి వచ్చారు. వాళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడి పాటందుకున్న దొంగల్ని చూడాలి!

వేరే దారి లేదు, చంపెయ్యాల్సిందే అనుకున్నారు. ఎవరు చంపాలి? అగ్గిపుల్లలతో వంతులు వేసుకున్నారు. వంతు వచ్చినవాడికల్లా చేతులాడలేదు. చంపే పని వదిలేసి డబ్బుతో ఉడాయించబోయాడొకడు, వాడి వెంట ఇంకొకడు. ఆ మందబుద్ధి బాక్సరుకైతే బామ్మగారు అమ్మ అయి కూర్చుంది. తెల్లారేలోగా ఒకళ్ళనొకళ్ళు కడతేర్చుకుని, ఒక్కొక్కరే సొరంగం కింద వెళ్ళే గూడ్సుబండి పెట్టెల్లో పడి ఊరు దాటిపోయారు. బామ్మగారు కుర్చీలో కునికిపాట్లు పడుతూ నిద్రపోయింది. ఆవిడ ఇంట్లో ఒక మహాసంగ్రామం జరిగి ముగిసిందన్న సంగతే ఆవిడకి తెలియదు.

చూడండి, ఈ దొంగలకి తెలివి లేక కాదు. లెక్కలో ఆవిణ్ణి వెయ్యకపోవడం వాళ్ళ కొంప ముంచింది. ముసలావిణ్ణి గొడుగులాగా, కుర్చీలాగా ఇంట్లో ఒక సామాను అనుకున్నారు. ఆ సామానుకి నోరుందనీ, తప్పొప్పులు తెలుసనీ వాళ్ళకి తట్టలేదు.

అలా లెక్కలో వెయ్యకపోవడం దొంగలకే చెల్లిందా అంటే, లేదు. సినిమా మొదట్లోనే బామ్మగారు పోలీసుస్టేషనుకి వెళుతుంది. తన స్నేహితురాలు చూశానన్న అంతరిక్ష నౌక సంగతి సర్దిచెప్పడానికి. పోలీసులు ఎంతో మర్యాదగా విని, ఎంతో మర్యాదగా గుమ్మందాకా దిగబెడతారు. మర్యాద ఉంది, నమ్మకం లేదు. ఆఖర్న దొంగతనం సంగతీ డబ్బు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పినా అదే నవ్వు, అదే మర్యాద. మరి ఆ డబ్బేం చెయ్యను అంటే, మీరే ఉంచుకోండి అన్నారు! హాలంతా గొల్లుమనే చోటు అది. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వు అయ్యాక లోపల ఏదో కలుక్కుమంది.

నా చిన్నప్పుడు ఒక రాత్రి మా నాయనమ్మ మా నాన్నగారిని లేపి, 'పెరట్లో ఎవరో తిరుగుతున్నారురా' అంది. 'పిల్లి అయ్యుంటుందిలే అమ్మా, పడుకో' అన్నారాయన. కాస్సేపటికి మళ్ళీ లేపింది. ఈసారి విసుక్కున్నారు. పొద్దున లేచి చూస్తే నూతి దగ్గర ఇత్తడి గంగాళం లేదు. వీధివీధంతా వచ్చి నాన్నగారిని పరామర్శించారు. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని అందరూ ఆయన్నే అడిగారు. నాయనమ్మని ఒక్కళ్ళూ అడగలేదు. ఆవిడ చావిట్లో కూర్చుని వత్తులు చేసుకుంటూ, 'ఆ పిల్లికి రోజూ వేణ్ణీళ్ళ స్నానం అలవాటు కాబోలు' అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

అప్పుడు మేం పిల్లలం పడీపడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట వెనకాల ఎంత ఒంటరితనం ఉందో అనిపిస్తుంది. నలభైలు దాటాక మనకీ ఆ గాలి కొద్దికొద్దిగా తగులుతూనే ఉంటుంది. మనం చెప్పిన మాట ఇంట్లో ఎవరికీ వినపడదు, అదే మాట పావుగంట తర్వాత మగపిల్లాడు చెబితే 'భలే చెప్పావురా' అంటారు. విల్బర్‌ఫోర్స్ బామ్మగారి దగ్గరికి చేరడానికి మనకింకా కొన్నేళ్ళే ఉన్నాయి.

ఈ కథ రాసిన విలియం రోజ్ అమెరికావాడు. కథంతా తనకి కలలో వచ్చిందని చెప్పుకున్నాడు. తీసినవాడు అలెగ్జాండర్ మెకెండ్రిక్, స్కాట్లండు వాళ్ళ బిడ్డ, పుట్టింది అమెరికాలో. ఇంగ్లీషు బామ్మగారిలోని చమత్కారం పట్టుకోవడానికి అలాంటి బయటి కళ్ళే కావాల్సొచ్చాయేమో. ఈలింగ్ స్టూడియో వారి పేరుపొందిన హాస్యచిత్రాల వరసలో ఇది దాదాపు ఆఖరిది. బామ్మగారి వేషం వేసిన కేటీ జాన్సన్‌కి అప్పటికి డెబ్భయ్యేడేళ్ళు. అంతకుముందు సినిమాల్లో ఎక్కువగా చిన్నాచితకా వేషాలే. అలాంటిది, ఆ ఏడు బ్రిటిష్ అకాడమీ ఉత్తమ బ్రిటిష్ నటి బహుమానం ఆవిడకే వచ్చింది. 1957లో వెళ్ళిపోయింది, పాపం. 2004లో కోయెన్ సోదరులు ఇదే కథని అమెరికాలోని మిసిసిపీకి తీసుకెళ్ళి టామ్ హాంక్స్‌తో తీశారు. అక్కడా అంతే. బామ్మగారి వేషం వేసిన ఇర్మా పి. హాల్‌కి కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమానం వచ్చింది. దొంగలు ఎంత పెద్ద నటులైనా బామ్మగారి ముందు దిగదుడుపే!

సినిమా ఆఖర్లో ఆవిడ స్టేషన్లో గొడుగు మళ్ళీ మరిచిపోతుంది. వెనకాలే పిలిచి ఇవ్వబోతే, ఉంచెయ్యండి, నాకది ఎప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు డజను కొనుక్కోగలను అన్నట్టు మాట్లాడి బయటికి నడుస్తుంది. పేవ్‌మెంటు మీద బొమ్మలు వేసుకునే బీదవాడికి పెద్దనోటు ఒకటి వేసి వెళ్ళిపోతుంది. వాడు నోరు తెరుచుకుని చూస్తాడు.

అందరు బామ్మగార్లకీ అరవైవేల పౌన్లు దొరకవు. అందుకే చెబుతున్నాను. ఈసారి మీ ఇంట్లో పెద్దావిడ 'పెరట్లో ఏదో చప్పుడైందే' అంటే, పిల్లి అనెయ్యకుండా లేచి లైటు వేసి చూడండి. దొంగ ఉంటే పట్టుకోవచ్చు. లేకపోతే మరీ మంచిది, ఎలాగూ లేచారు గనక ఇద్దరూ కూర్చుని టీ తాగండి. కాస్త చిక్కగా పెట్టండి.