భవాని పేట్‌కు ఈసిమ్ లెక్క

ఈసిమ్ అంటే ఫోన్ తయారైనప్పుడే లోపల బిగించి ఉండే చిన్న చిప్. గోరంత ప్లాస్టిక్ సిమ్ చేసే పనే ఇదీ చేస్తుంది. కంపెనీ వివరాలు మాత్రం ముక్క మీద రావు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌లోకి దిగుతాయి. అలా దిగినదాన్ని ప్రొఫైల్ అంటారు. ఇలాంటివి ఫోన్‌లో చాలా దాచుకోవచ్చు, ఐఫోన్‌లోనైతే ఎనిమిది దాకా, ఆపైన కూడా. ఒకేసారి పనిచేసేవి సాధారణంగా రెండే. మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎంఏ మామూలు వాడకందారుల కోసం ఈ ప్రమాణాలను 2016లో తెచ్చింది. 2017లో పిక్సెల్ 2, 2018లో ఐఫోన్ టెన్ఎస్ వచ్చాక జనానికి తెలిసింది. చేతిలోని ఫోన్‌కు ఈ సౌకర్యం ఉందో లేదో *#06# నొక్కితే తేలిపోతుంది. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల వరుస కనిపిస్తే ఉన్నట్టే.

ఈసిమ్ పెట్టుకున్నంత మాత్రాన డేటా చవకైపోదు. ధర ప్లాన్‌ని బట్టి ఉంటుంది. ఉన్న నంబరును కదపకుండా, చవకైన చోటి డేటాను పక్కనే తెచ్చిపెట్టుకునే వీలు మాత్రం దీనివల్ల దొరుకుతుంది. సోలాపూర్ తూర్పు భాగంలోని భవాని పేట్ లాంటి నేతపేటకు విదేశాల నుంచి వచ్చిపోయేవాళ్లకు ఈ వీలు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ అక్కరకు రాదో లెక్క వేసుకుంటే గాని తెలియదు.

తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్‌కు రావడం పంతొమ్మిదో శతాబ్దం నాటి మాట. చద్దర్లు, టవళ్లు నేసిన ఆ ఇళ్లలో మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతుకు నెట్టుకొచ్చారు. చదువుకున్న పిల్లలు పుణె, హైదరాబాద్ దాటి గల్ఫ్‌కు, అమెరికాకు చేరారు. వలస వచ్చినవాళ్ల పిల్లలే మళ్లీ వలస పోయారన్నమాట. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే తల్లి ముందు, గోడకు ఆనించిన ఫోన్‌లో తెలుగు సీరియల్ నడుస్తుంటుంది. పక్క షెడ్డులో మగ్గాల మోతకు మాట వినిపించదు కాబట్టి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. సీరియల్ మధ్యలో అమెరికా నుంచి వాట్సాప్ వీడియో కాల్ వస్తే ఆకు పక్కన పెట్టి మాట్లాడుతుంది. ఈ కాల్‌కు అటువైపు అయ్యే ఖర్చు వేరు, ఇటువైపు అయ్యే ఖర్చు వేరు.

ముందు ఇటువైపు చూడాలి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చేదాకా మన దేశంలో ఒక జీబీ డేటా ఇంచుమించు 250 రూపాయలు. ఆ తర్వాత రోజుకింత అని కోటా ఇచ్చే ప్లాన్లు స్థిరపడ్డాయి. 2024 జులైలో ధరలు పెరిగినప్పుడు, రోజుకు 1.5 జీబీ ఇచ్చే జియో ప్లాన్ 239 నుంచి 299 రూపాయలకు చేరింది. అయినా 28 రోజులకు 42 జీబీ, అంటే జీబీ ఏడు రూపాయల చిల్లర. ప్రపంచంలో ఇంత చవకగా దొరికే చోట్లు తక్కువ.

మెలిక ఆ 28 రోజుల్లో ఉంది. క్యాలెండర్‌లో నెలలు పన్నెండైతే రీఛార్జీలు పదమూడు. 299 చొప్పున పదమూడుసార్లు కడితే 3,887 రూపాయలు. అదే కంపెనీ 2024 ధరల్లో ఏడాది ప్లాన్ 3,599, పైగా రోజుకు 2.5 జీబీ. అంటే తక్కువ కట్టినవాళ్లకే ఎక్కువ డేటా. వారానికో పదిహేను రోజులకో కూలి చేతికొచ్చే ఇంట్లో మూడున్నర వేలు ఒక్కసారి తీయడం కుదరదు గనుక, లేనివాళ్లే ఎక్కువ కడుతున్నారు. విదేశంలో ఉన్న కొడుకో కూతురో ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఓ ఖాతా నుంచి తల్లి నంబరుకు ఏడాది రీఛార్జి చేస్తే ఈ తేడా పోతుంది. నలభై డాలర్ల చిల్లరతో అయ్యే పని. ఈసిమ్ గురించి ఆలోచించే ముందు చేయాల్సింది ఇదే.

రోజు కోటా కూడా ఊరికే పోతుంటుంది. అర్ధరాత్రి పన్నెండుకు మిగిలినది రద్దవుతుంది, రేపటికి జమ కాదు. 480పీలో వీడియో చూస్తే గంటకు సుమారు అర జీబీ ఖర్చు. కాలేజీ పిల్లవాడి 1.5 జీబీ మధ్యాహ్నానికే ఆవిరై వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతే, అదే గదిలో తండ్రి ఫోన్‌లో జీబీకి పైగా మిగిలి మురిగిపోతుంది. మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి డేటా ఎప్పుడు వాడతాడు? ఇలాంటివాళ్ల కోసమే కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన చేసింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయలతో, జియో 336 రోజులకు 1,748తో అలాంటివి తెచ్చాయి. ఇంట్లో ఒక నంబరుకు పెద్ద డేటా ప్లాన్ వేసి హాట్‌స్పాట్ నడిపి, తండ్రి నంబరును కాల్స్ ప్యాక్ మీద పెడితే ఏటా దాదాపు రెండు వేలు మిగులుతాయి. బయట డేటా లేనప్పుడు యూపీఐ యాప్ తెరుచుకోదు, డేటా అక్కర్లేని *99# కోడ్ మీదే డబ్బు పంపాలి. అది ఓపిక ఉన్నవాళ్లు చేసే పని. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ గడప దాటితే ఇల్లంతా ఆఫ్‌లైన్ అనే చిక్కూ ఉంది. కాబట్టి ఆ ఫోన్ ఇంటిపట్టున ఉండే మనిషిదై ఉండాలి.

ఈ ఇళ్లలో వాడే పదివేల లోపు ఫోన్లలో ఈసిమ్ సాధారణంగా ఉండదు. లేకపోయినా లోటేమీ లేదు, రెండు ప్లాస్టిక్ సిమ్‌లు పట్టే ట్రే ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది.

ఇక వచ్చే అతిథుల సంగతి. అమెరికాలోని పెద్ద కంపెనీల నంబరును సోలాపూర్‌లో అలాగే వాడితే డే పాస్ పేరిట రోజుకు 12 డాలర్ల దాకా పడుతుంది, దాదాపు వెయ్యి రూపాయలు. 299 రీఛార్జి మూడుసార్లు చేసుకున్నా అంతకంటే తక్కువే. కొన్ని కంపెనీలు ఒక నెల బిల్లులో పది రోజులకు మించి వసూలు చేయవు గాని, ఆ పది రోజులకే 120 డాలర్లు. కొన్ని ప్లాన్లలో విదేశీ డేటా ఉచితమని ఉంటుంది, వేగం మాత్రం నత్తతో పందెం వేసినట్టు.

ప్రయాణికుల కోసం అమ్మే ఈసిమ్‌లు ఇంకో దారి. ఎయిరాలో, హోలాఫ్లై లాంటి సంస్థలవి వీటిలో పేరున్నవి. చిన్న ప్యాక్‌లో ఒక జీబీకి నాలుగైదు డాలర్లు పడుతుంది. ఏడు రూపాయలకు దొరికేదాన్ని మూడు నాలుగు వందలు పోసి కొనడం అన్నమాట. వీటిలో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు. నంబరు లేకపోతే ఓటీపీ రాదు, బస్సు టికెట్ నుంచి బ్యాంకు దాకా ఏదీ నడవదు. పైగా అనుమతి లేకుండా విదేశీ సిమ్‌లు అమ్ముతున్నారని కేంద్ర టెలికాం శాఖ 2024 జనవరిలో ఈ రెండు సంస్థల యాప్‌లను మన దేశపు యాప్ స్టోర్ల నుంచి తీయించింది. యూరప్‌లో నాలుగు దేశాలు తిరిగేవాళ్లకు, నంబరుతో పని లేని చోట్ల ఇవి నిజంగా లాభమే. ఇండియాకు వచ్చేవాళ్లకు మాత్రం దండగ. దారిలో దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారే కొద్ది గంటలకూ అక్కర్లేదు, విమానాశ్రయాల్లో వైఫై ఉచితం.

అందరికంటే తక్కువలో గట్టెక్కేది రెండు నంబర్లను ఒకే ఫోన్‌లో పెట్టుకునేవాళ్లు. విదేశీ నంబరును ఈసిమ్‌గా ఉంచి దాని డేటా రోమింగ్‌ను ఆపేయాలి. సెట్టింగ్స్‌లో సెల్యులార్ డేటాకు ఇండియా నంబరును ఎంచి, సిగ్నల్ తగ్గినప్పుడు ఇంకో నంబరుకు మారే స్విచింగ్‌ను కూడా ఆపాలి. రోమింగ్, స్విచింగ్ రెండూ ఆపడం మరిచిపోతే మగ్గాల షెడ్డులో సిగ్నల్ సన్నగిల్లిన క్షణంలో డే పాస్ మొదలైపోవచ్చు. విదేశీ నంబరుకు బ్యాంకు పంపే ఎస్ఎంఎస్‌లు సాధారణంగా ఉచితంగానే వస్తాయి. కాల్ ఎత్తితే మాత్రం పాస్ పడుతుంది. ఆ నంబరుకు వైఫై కాలింగ్ పెట్టుకుంటే ఇండియా డేటా మీదే అమెరికా కాల్స్ మాట్లాడుకోవచ్చు. హైదరాబాద్‌లో దిగి అక్కడే సిమ్ తీసుకున్నా సోలాపూర్‌లో అదనపు రుసుము ఉండదు, రాష్ట్రం దాటితే రోమింగ్ చార్జి అనే రోజులు పోయాయి.

ట్రే లేని ఫోన్లతో వచ్చినవాళ్లకు ఇక్కడే అడ్డంకి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే లేదు. 2025లో వచ్చిన ఐఫోన్ 17తో సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో అమ్మేవాటికీ తీసేశారు. చౌరస్తాలోని దుకాణం ఇచ్చే ప్లాస్టిక్ సిమ్ పెట్టడానికి వాటిలో చోటే లేదు. ఈసిమ్ కావాలంటే కంపెనీ స్టోర్‌కే వెళ్లడం మేలు. 2024 జనవరి 1 నుంచి కాగితాల మీద కేవైసీ (గుర్తింపు తనిఖీ) ఆగిపోయింది, అంతా డిజిటలే. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు చూపాలి, స్థానికంగా తెలిసినవాళ్ల నంబరు కూడా అడుగుతారు. ఈ తిరుగుడంతా ఎందుకనుకునేవాళ్లు పాత ట్రే ఉన్న ఫోన్ ఒకటి సంచిలో వేసుకొస్తారు. ఇండియా సిమ్ దానిలో పెట్టి హాట్‌స్పాట్ మీద నడిపిస్తారు. అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ చాలులే అనుకునేవాళ్లే ఎక్కువ. నలుగురు మనవల ట్యాబ్‌లు ఎక్కాక ఏడాది ప్లాన్‌లోని 2.5 జీబీ కోటా పొద్దున టీ అయ్యేలోపే ఖాళీ. అప్పుడు యాడ్-ఆన్ డేటా వోచర్ వేయించడం వచ్చినవాళ్ల మర్యాద. రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకు అపరిమిత 5జీ వర్తిస్తుంది కాబట్టి, అమ్మ చేతిలో 5జీ ఫోన్ ఉండి పేటలో సిగ్నల్ అందితే ఆ బాధే ఉండదు.

ఉన్న ఇండియా సిమ్‌ను ఈసిమ్‌గా మార్చుకోవాలంటే ఎయిర్‌టెల్ వాళ్లు 121కి, జియో వాళ్లు 199కి ఎస్ఎంఎస్ పంపి మొదలుపెట్టవచ్చు. అయితే సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఆ నంబరుకు ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి. సిమ్ దొంగిలించి ఖాతాలు ఊడ్చే మోసాలను అడ్డుకోవడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం ఇది. తిరుగు ప్రయాణం ముందు రోజు మార్చుకుంటే ఓటీపీలు అందక బ్యాంకు పని మధ్యలో నిలిచిపోతుంది. వచ్చిన మొదటి వారంలోనే ముగించుకోవాలి.

వెళ్లిపోయాక ఆ నంబరును బతికించుకోవడం ఇంకో ఖర్చు. 2013 నాటి ట్రాయ్ నిబంధన ప్రకారం వరుసగా 90 రోజులు వాడకం లేక, ఖాతాలో 20 రూపాయలైనా లేకపోతే ప్రీపెయిడ్ నంబరును తీసేయవచ్చు. తీసేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు అదే నంబరు ఇచ్చి ఉంటే తలనొప్పి మామూలుగా ఉండదు. పైన చెప్పిన ఏడాది కాల్స్ ప్యాక్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. యూపీఐ ఒక్కదాని కోసమే అయితే ఇండియా నంబరు లేకున్నా జరుగుతుంది. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ, సౌదీ వంటి కొన్ని దేశాల నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ ఇచ్చేందుకు, దాన్ని నడిపే ఎన్‌పీసీఐ 2023 జనవరిలోనే అనుమతించింది. బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తుందో లేదో చూసుకోవాలి.

ఈసిమ్ పేరు చెప్పి మోసాలూ జరుగుతున్నాయి. “మీ సిమ్‌ను ఈసిమ్‌గా మారుస్తున్నాం, వచ్చిన లింక్ నొక్కండి” అని కంపెనీ మనిషిలా ఫోన్ చేస్తారు. నొక్కగానే నంబరు వాళ్ల ఫోన్‌లోకి దిగిపోతుంది, చేతిలోని ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఓటీపీలన్నీ వాళ్లకే. కొడుకు విదేశం నుంచి డబ్బు పంపే ఖాతాకు ముడిపడిన నంబరు తల్లిదైతే గురి ఆమెమీదే. సిగ్నల్ హఠాత్తుగా పోయి చాలాసేపు తిరిగి రాకపోతే ఇంకొకరి ఫోన్ నుంచి కంపెనీకి, బ్యాంకుకు, ఆపై సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి.

ఏ నంబరు ప్లాస్టిక్‌గా ఉండాలి, ఏది ఈసిమ్‌గా ఉండాలి అన్నది కూడా డబ్బుకు సంబంధించిన ప్రశ్నే. ఫోన్ పగిలితే ప్లాస్టిక్ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే నిమిషంలో అయిపోతుంది. ఈసిమ్‌ను మళ్లీ కంపెనీ ఇవ్వాలి, దాని ధ్రువీకరణ ఎస్ఎంఎస్ చాలాసార్లు ఆ నంబరుకే వస్తుంది. విదేశంలో కూర్చున్న మనిషికి అది తేలని చిక్కుముడి. అందుకే బ్యాంకుకు ఇచ్చిన ఇండియా నంబరును ప్లాస్టిక్ సిమ్‌లోనే ఉంచి, వైఫై కాలింగ్ ఉన్న పాత ఫోన్‌లో వేసి అక్కడి తమ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టేవాళ్లున్నారు. ఇంటి వైఫై మీద ఆ నంబరుకు ఓటీపీ వస్తుంది, రోమింగ్ ఖర్చు పడదు. చేతి ఫోన్‌లోని ఈసిమ్‌లో ఉండేది విదేశీ నంబరు ఒక్కటే.